అశోక్ నగర్ వాలులో ఎర్రమట్టి దొంగ

ఈ కథలో దొంగ ఎవరో నేను చెప్పేదాకా మీరు కనిపెట్టలేరు. కనిపెట్టినవాళ్ళు కత్తి తెచ్చుకుని నా మీసం గొరిగెయ్యవచ్చు. ఇన్నేళ్ళుగా కథలు చెబుతున్నాను, ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

ఇక కేసులోకి వద్దాం.

జూన్ నెల. సోమవారం. ఉదయం 6.40.

అశోక్ నగర్‌లో నాలా వైపు దిగే సన్నని గల్లీ. కిషన్ రావు తాళం తీశాడు. గేటు నెట్టాడు. చేతికర్ర ఆనించి రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు.

నిలువెత్తు ఉండాల్సిన ఎర్రమట్టి కుప్ప మోకాలి దాకా ఉంది.

తాళం పగల్లేదు. గోడ దూకిన గుర్తు లేదు. రెండో తాళంచెవి ఉన్నది ఒక్కడి దగ్గరే. మేస్త్రీ కృష్ణయ్య.

"దొంగ దొరికిండు," అన్నాడు కిషన్ రావు, వినడానికి ఎవరూ లేకపోయినా.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కిషన్ రావు ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాడు. భార్య విద్యావతి, కొడుకు అనుదీప్‌తో చిక్కడపల్లిలో కిరాయికి ఉంటున్నాడు. సొంత ఇంటికోసం చెప్పులు అరిగేలా తిరిగాక ఈ పాత ఇల్లు దొరికింది. ధర తక్కువ. ఎందుకు తక్కువంటే, స్థలం వాలు. అలాంటిలాంటి వాలు కాదు. పై గేటు దగ్గర నిమ్మకాయ వదిలితే, దొర్లుకుంటూ పోయి కింది ఇంటి జగన్మోహన్ గారి పచ్చడి జాడీలో పడుతుంది.

పైగా ఈశాన్యం ఎత్తు. నైరుతి పల్లం. ఆ నైరుతి మూలన ఒక పాత బావి. వాస్తు పుస్తకంలో మొదటి పేజీ చదివినవాడెవడైనా పారిపోయే స్థలం. అందరూ పారిపోయారు. కిషన్ రావు నిలబడ్డాడు.

"వాస్తు వాస్తు అని జనం భయపడ్డరు. మనకు అగ్గువకొచ్చింది," అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు.

తోట ప్లాను కూడా తనే గీశాడు. కాంట్రాక్టర్ లేడు, డిజైనర్ లేడు. వాలును మెట్లు మెట్లుగా కోయాలి. కూల్చిన ఇళ్ళ నుంచి తెచ్చిన రాళ్ళతో ఒక్కో మెట్టుకు అడ్డకట్ట కట్టాలి. కట్ట వెనక ఎర్రమట్టి నింపాలి. జారకుండా అంచుల్లో వట్టివేరు నాటాలి. పై నుంచి వచ్చే వాననీళ్ళన్నీ ఆ పాత బావిలోకి పంపాలి.

"ఖర్చు లేని డ్రైనేజీ," అని మురిసిపోయేవాడు.

వాలు కోశారు. కట్టలు లేచాయి. ఇప్పుడు నింపడానికి మట్టి లేదు. వారం లోపల వానలు అంటున్నారు. మట్టి నింపకముందే వాన పడితే కట్టలూ తోటా కలిసి జగన్మోహన్ పెరట్లోకి దిగుతాయి.

నారాయణగూడ చౌరస్తా. జిరాక్స్ షాపు పైన చిన్న గది. బోర్డు మీద 'త్రివేణి డిటెక్టివ్ సర్వీసెస్'. పెళ్ళికొడుకుల ఎంక్వైరీలు చేసి చేసి ఆ గదికే విసుగు పుట్టింది. బుధవారం ఉదయం కిషన్ రావు ఆ మెట్లెక్కాడు.

"మర్డరా?" అని ఆశగా అడిగింది త్రివేణి.

"మట్టి."

"మట్టిలో బాడీ దొరికిందా?"

"ఉట్టి మట్టే మేడమ్."

త్రివేణి పెన్నుకు మూత పెట్టేసింది. "పోలీస్ స్టేషన్‌కి పోండి సార్."

"ఉత్తగ పోతే నవ్వుతరు. మీరు సాక్ష్యం పట్టుకొస్తే పోయి కృష్ణయ్య మీద కేసు పెడ్త. ఇప్పటికే పనిల నుంచి తీసేసిన. చిక్కడపల్లి కూలీల అడ్డాల గూడ చెప్పిన, వాడు దొంగ, పని ఇయ్యొద్దని."

"సాక్ష్యం లేకుండానే చెప్పారా?"

"తాళంచెవి వానికాడనే ఉండె మేడమ్. ఇంకేం సాక్ష్యం?"

త్రివేణి నిట్టూర్చి పెన్ను మూత తీసింది.

గేటు బయట రోడ్డు మీద కృష్ణయ్య, అతని భార్య బీరమ్మ నిలబడి ఉన్నారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి బస్తీలో ఉంటున్నారు. లోపలికి రావద్దని ఆర్డర్. అందుకే రోడ్డు మీదే ఇంటరాగేషన్.

"తాళంచెవి ఎక్కడ పెడతావు?"

"మొలతాడుకే ఉండె మేడమ్. మొన్న సార్‌కిచ్చేసిన."

"పనికి ఎన్నింటికి వచ్చేవాడివి?"

"ఎనిమిదిటికి. మధ్యాన్నం బువ్వకు పోతుంటిమి. ఐదుకు తాళమేస్తుంటి. ఐతారం పనికి సుట్టి."

"మట్టి తగ్గడం చూశావా?"

"సూసిన. తగ్గిన మొదటి దినమే సార్‌కు చెప్పిన."

"ఏమన్నాడు?"

"నీకెందుకు, నీ రాళ్ళు నువ్ సూస్కో అన్నడు."

బీరమ్మ ఇక ఆగలేకపోయింది. "పుట్టినకాడి నుంచి మట్టే మోస్తున్నం అక్కా. మట్టిని జూస్తెనే నడుం నొస్తది. దొంగతనం జేసేటోల్లం మట్టినే జేస్తమా? లోపట రాగి వైరు కట్ట పడుంది. గా వైరు ఎత్కపోమా?"

"జర ఊకో," అన్నాడు కృష్ణయ్య.

"ఎందుకూకోవాలె? పొద్దున అడ్డాల నిలబడ్తె ఒకాయన నిన్ను జూసి పక్కోన్ని తీస్కపోలే? గిట్లనే ఉంటె కాచిగూడల రైలెక్కి వాపస్ పోవాలె. ఆడ పోయి ఏం జెప్తవు? మట్టి దొంగనని జెప్తవా?"

కృష్ణయ్య చెప్పులతో రోడ్డు గీకుతూ ఉండిపోయాడు.

త్రివేణి కింది ఇంటికి దిగింది. జగన్మోహన్ గోడ మీద వరసగా కుండీలు. అన్నింట్లోనూ ఎర్రమట్టి!

ఆమె గబగబా వెళ్ళి ఒక కుండీలో వేలు గుచ్చింది. లోపలంతా పాత వేర్లు. కుండీ చుట్టూ పాచి. ఎన్నాళ్ళ నాటి మట్టో.

"ఇప్పుడు నా కుండీల మీద పడ్డడా?" జగన్మోహన్ బనీను మీదే బయటికొచ్చాడు. "ఆయన వాలు కోసినప్పటి సంది నాకు నిద్ర లేదు తల్లీ. ఆయన మట్టి నాకొద్దు. నా నెత్తిన పడకుంటె చాలు."

ఒక అనుమానితుడు తగ్గాడు. త్రివేణి పళ్ళు నూరింది.

గల్లీ మొత్తం వంగి వంగి వెతికింది. ట్రాక్టరు వచ్చిన దారిలో ఎండిన ఎర్ర గడ్డలున్నాయి. అవి పాతవి. కొత్తగా ఒక్క చారిక లేదు. గల్లీ మొదట్లో కిరాణా షాపు సీసీ కెమెరా ఉంది. మధ్యాహ్నమంతా అక్కడ స్టూలు మీద కూర్చుని ఫుటేజీ చూసింది. కళ్ళు మండాయి. దుకాణదారు బావమరిది బిస్కెట్ ప్యాకెట్లు నొక్కేయడం దొరికింది. మట్టి దొరకలేదు. ఒక్క తట్ట కూడా గల్లీ దాటలేదు.

అంటే మట్టి కాంపౌండులోనే ఉండాలి. కాంపౌండులో మట్టి లేదు.

"పెళ్ళికొడుకులే నయం," అనుకుంది. కోపంతో ఒక రాయిని తన్నింది. రాయికేమీ కాలేదు. కుంటుకుంటూ నైరుతి మూలకు వెళ్ళి గోడకు ఆనుకుంది.

మీలో సగం మంది చాలాసేపటి నుంచి బావి వైపే చూస్తున్నారని నాకు తెలుసు. మీసం పందెం గుర్తు చేసుకుని కత్తి వెతక్కండి. నాకు మీసం ఎన్నడూ లేదు, మొలిస్తే కదా! బావి దొరికింది గానీ దొంగ దొరకలేదు. కూర్చోండి.

బావి మీద చదరపు ఇనుప రేకు. దాని మీద ఒక రాయి. రేకంతా తుప్పు. కానీ మూడు అంచుల్లో తుప్పు రాలిపోయి మెరుస్తోంది. నాలుగో అంచు మాత్రం నేలకు కరుచుకునే ఉంది.

త్రివేణి ఆ మూడు అంచుల దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని నేలను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి అందరినీ సాయంత్రం అయిదున్నరకు రమ్మంది.

అయిదున్నర. బావి చుట్టూ కిషన్ రావు, విద్యావతి, అనుదీప్, జగన్మోహన్. కొంచెం దూరంగా కృష్ణయ్య, బీరమ్మ.

"మట్టి గేటు దాటలేదు," అంది త్రివేణి. రేకు లాగింది.

బావి నిండా ఎర్రమట్టి. చెయ్యి చాపితే అందేంత పైకి.

"చూసినరా! బావిల దాచిండు!" కిషన్ రావు కేకేశాడు.

"అమ్ముకునేవాడు బావిలో పోసి దాస్తాడా సార్? మళ్ళీ తోడుకోవాలి కదా. ఇది దాచడం కాదు, పూడ్చడం. పూడ్చింది ఒక్కరు కాదు, ముగ్గురు. ఒక్కరైతే ఎప్పుడూ ఒకే అంచు పట్టుకుని లేపుతారు. ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే కలిసి లేపుతారు. ఇక్కడ ఎవరి అంచు వాళ్ళదే."

ఆమె మొదటి అంచు చూపించింది. మట్టిలో పసుపు, ఎండిన నిమ్మ చెక్క.

"బావి పూడ్చేముందు గంగమ్మకు దండం పెట్టుకున్నారు. ఎవరమ్మా?"

విద్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నల్లకుంట సిద్ధాంతి చెప్పిండు. నైరుతిల బావి ఉంటే యజమానికి గండమట. ఈయనకు చెప్తే నవ్వుతడు. అందుకే వీళ్ళు బువ్వకు పోయినప్పుడు వచ్చి నాలుగు బకెట్లు పోసి పోతుంటి."

"తాళం?"

"ఈయన ప్యాంటు జేబుల నుంచి తీసి ఒకటి చేయించుకున్న."

"రెండో అంచు. స్పోర్ట్స్ షూ ముద్ర."

అనుదీప్ తన బూట్లు చూసుకున్నాడు. అందరూ చూశారు.

"నువ్వు గూడనారా? ఇంజనీరువి!" అన్నాడు కిషన్ రావు.

"ఫోన్‌ల వాస్తు యాప్ ఉంది డాడీ. ప్లాను పెడితే ఈ మూల మొత్తం రెడ్ చూపించింది. నమ్మలేదు. కానీ నిద్ర పట్టలే. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొంచెం కొంచెం పోసిన. తాళంచెవి అమ్మ బ్యాగుల దొరికింది."

"అమ్మ బ్యాగుల ఎందుకుందని అడగలేదా?"

"అడిగితే నన్ను అడుగుతదిగా."

త్రివేణి మూడో అంచు దగ్గరికి జరిగింది. అక్కడ మట్టిలో చిన్న చిన్న గుండ్రటి ముద్రలు. చేతికర్ర కింద రబ్బరు బుడిపె ఉంటుంది చూశారూ, సరిగ్గా అంత.

కిషన్ రావు కర్రను మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు.

"మట్టి తగ్గుతోందని కృష్ణయ్య మొదటి రోజే చెప్పాడు. మీరు కంగారు పడలేదు సార్. ఎందుకంటే అది మీరు తీసిన మట్టే. సోమవారం, ఎనిమిదింటికి తెరిచే పని చోటికి ఆరూ నలభైకే వచ్చానన్నారు. వాకింగ్ అని ఇంట్లో చెప్పి ఉంటారు. వచ్చింది తట్ట నింపడానికి. అంత పొద్దున్నే ఎందుకు వచ్చారని నేను మొదటే అడగాల్సింది. అడగకుండా కెమెరా ముందు కూర్చున్నాను."

కిషన్ రావు కర్రను మళ్ళీ ముందుకు తెచ్చుకుని ఆనుకున్నాడు.

"నేను తీసింది కొంచెమే," అన్నాడు. "బర్కత్‌పురల ఒకాయన చెప్పిండు. నైరుతి బావి ఇల్లాలికి మంచిది కాదట. అందరికి ఫోన్లు చేసి వాస్తు లేదు గీస్తు లేదని చెప్పిన, మళ్ళ ఏ మొఖంతోని చెప్పాలె? బావిలకు తొంగి చూస్తెనే అరిష్టమన్నడు, ఎంత నిండిందో చూడలే. కుప్పల నేను తీసినదానికంటె ఎక్కువ పోయింది. ఐతారం ఒక్కనాడే సగం పోయింది. మరి దొంగ ఉన్నడనుకోనా?"

"ఆదివారం ఎవరూ ఉండరని ముగ్గురూ వచ్చారు," అంది త్రివేణి. "వేర్వేరు వేళల్లో."

"నాకోసమా?" అంది విద్యావతి. ఏడవాలో తిట్టాలో తేలక భర్త భుజం మీద ఒక్కటి వేసింది. అనుదీప్ నవ్వాడు. జగన్మోహన్ నవ్వలేదు.

"మరి వాననీళ్ళు ఎటు పోవాలె సార్? బావి పూడ్చిరి. ఇంక నా ఇల్లే ఉంది."

"అయిపాయెనా?" బీరమ్మ గొంతు. నవ్వు ఆగిపోయింది. "మీరు మీరు ఒకటైండ్రు, మంచిదే. ఈయన సంగతేంది?"

"తప్పయింది కృష్ణయ్యా," అన్నాడు కిషన్ రావు. "రేపటి నుంచి పనికి రా. అడ్డాల మేస్త్రీకి ఫోన్ చేసి చెప్త."

"ఫోన్ వద్దు," అంది బీరమ్మ. "దొంగ అన్నప్పుడు ఆడికొచ్చి అన్నవు. కాదని గూడ ఆడికే వచ్చి అనాలె."

మర్నాడు ఉదయం ఏడు. కిషన్ రావు అడ్డా దగ్గర ఆటో దిగాడో లేదో ముప్పై మంది చుట్టుముట్టారు.

"ఎంతమంది కావాలె సార్?"

"పనికి కాదు. ఒక మాట చెప్పాలె."

"స్లాబా? మట్టి పనా?"

"మట్టే, కానీ..."

"మట్టికైతే ఇద్దరు సాలు. నేను, బుగ్గయ్య వస్తం."

"అరే, వినుండ్రి! కృష్ణయ్య దొంగ కాదు. ఆ మట్టి నేనే తీసిన!"

"నువ్వే తీసినంక మేమెందుకు సార్?" అన్నాడు బుగ్గయ్య.

వెనక నుంచి బీరమ్మ. "ఇంకోపారి. ఎనకున్నోల్లకు ఇనబల్లే."

కిషన్ రావు మళ్ళీ చెప్పాడు. తన మట్టిని తనే దొంగిలించానన్నాడు. భార్యా కొడుకూ కూడా దొంగలేనన్నాడు. అడ్డా అంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది. చెమట తుడుచుకుని కృష్ణయ్య వైపు తిరిగి, ఆటోలో జాగా చూపించాడు. కృష్ణయ్య తువ్వాలు తలకు చుట్టుకుని ఎక్కాడు. రెండు రోజుల్లో బావి తోడి, మెట్లన్నీ నింపి, వట్టివేరు నాటాడు. వాన వచ్చింది. నీళ్ళు బావిలోకి దిగాయి. కట్ట కదల్లేదు.

కేసు క్లోజ్.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కృష్ణయ్య ఆటో ఎక్కడం. అక్కడి నుంచి వాన దాకా అంతా నాదే. అతను ఎక్కలేదు. దొంగ కాదని అందరూ విన్నాక, తువ్వాలు చుట్టుకుని, తనను పిలిచిన ఇంకో ఆసామి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. బీరమ్మ కూడా అతని వెంటే. బావిలో మట్టి తోడుతున్నది ఆ ఇంటి ముగ్గురే, ఒకరి బకెట్టు ఒకరికి అందిస్తూ. రెండో మెట్టు సగం నిండేసరికి చినుకులు మొదలయ్యాయి. కిషన్ రావు బురద చేత్తోనే ఫోన్ చేశాడు.

"వేరే పనిల ఉన్న సార్," అన్నాడు కృష్ణయ్య, మర్యాదగానే.