భోజనాల బల్ల మీద ఖెరెవ్

అమెరికాలో ట్రాయ్ ఊళ్లోని డిటెక్టివ్ ఆండాళ్ ఆఫీసుకు వచ్చిన శాంతి, కూర్చోకముందే తాను దొంగను కానని మూడుసార్లు చెప్పింది. అసిస్టెంట్ అనూప్‌కి వెంటనే అనుమానం వచ్చింది. అతగాడికి అది తేలిగ్గానే వస్తుంది.

రిటైరైన డాక్టర్ వాసుదేవరావు ఇంట్లో ఆమె వంటమనిషి. ఆయన మేనల్లుడు రవికాంత్ జెరూసలేం నుంచి తెచ్చిచ్చిన మూడువేల ఏళ్లనాటి బాకు ఆదివారం భోజనాల బల్ల మీంచి మాయమైంది. దాని మీది హీబ్రూ మాటను తిన్నాక చదివించుకోవడానికే యూదుడైన పొరుగాయన ప్రొఫెసర్ లెవిన్‌ను భోజనానికి పిలిచారు. భోజనం చివర లెవిన్ చేసే ప్రార్థన ముగిసేదాకా బాకు బల్ల మీదే ఉందనీ, తర్వాత గిన్నెలు తీయడానికి వచ్చింది శాంతేననీ రవికాంత్ చెప్పాడు. సాయంత్రంలోగా తెచ్చివ్వకపోతే పోలీసులను పిలుస్తానన్నారు డాక్టర్. అదే జరిగితే ఊళ్లో ఏ తెలుగువాళ్లూ ఆమెను వంటింట్లోకి రానివ్వరు.

"ప్రార్థనకి ముందు నువ్వేం చూశావు?" అని ఆండాళ్ అడిగింది.

"అందరూ చేతులు కడుక్కోడానికి లేచారమ్మా. రవికాంత్ గారు ఫోర్క్‌తో తిన్నారు, ఆయనొక్కరే లేవలేదు. లెవిన్ గారు చాకులన్నీ తెచ్చి సింక్‌లో పెట్టారు."

ఆండాళ్ అందరినీ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. బాకు ఫోటో చూపించి లెవిన్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడి, తెలుగులో చెప్పింది.

"ఆ మాట ఖెరెవ్, అంటే కత్తి. బలిపీఠం రాళ్లను కత్తి తాకకూడదని యూదుల నియమం. పీఠం ఆయుష్షు పెంచేది, కత్తి తుంచేది. భోజనాల బల్ల కూడా వీళ్లకు బలిపీఠంతో సమానం. అందుకే వెన్న చాకు ఉన్నా ఈయన ప్రార్థన మొదలుపెట్టరు. ఈయన చాకులు తీసేటప్పటికే బాకు లేదట. తన కోసం మీరే తీశారనుకున్నారు. తర్వాత గొడవంతా తెలుగులో జరిగింది, ఈయనకు ముక్క అర్థం కాలేదు."

రవికాంత్ తల దించుకున్నాడు. ఫోటోలో అక్షరాల కింద అచ్చులను సూచించే చుక్కలు చాలా శతాబ్దాల తర్వాత వచ్చినవనీ, బాకు నకిలీదనీ లెవిన్ చెప్పేశారు. ఆ మాట మామయ్య ఎదుట బయటపడుతుందనే రవికాంత్ దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు కార్‌లో దాచినదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. అనూప్‌కి ఆండాళ్ మీద గౌరవం, తన అనుమానం మీద సిగ్గు ఒకేసారి కలిగాయి.

పొరపాటైందనీ, రేపటినుంచి మామూలుగా రమ్మనీ వాసుదేవరావు శాంతితో అన్నారు.

శాంతి కోటు వేసుకుంది. "ఏం చూశావని రవికాంత్ గారిని అడిగారు డాక్టర్ గారూ. నన్ను మాత్రం ఎక్కడ దాచావని అడిగారు."