మీ అమ్మనడిగి చెబుతా

ఉదయం ఏడున్నరకి బట్టల మూటతో గుమ్మంలో నిలబడ్డాడు ఇస్త్రీ అతను. "బాబుగారూ, ఈ వారం ఎన్ని చొక్కాలు వేశారో చెప్పండి" అన్నాడు, వస్తున్న నవ్వుని బిగబట్టుకుంటూ.

పెద్దాయన పేపరు దించారు. పైకప్పు వంక చూశారు. వీధి తలుపు వంక చూశారు. ఆఖరికి వంటగది వంక చూసి, "మీ అమ్మనడిగి చెబుతా" అన్నారు.

ఇస్త్రీ అతను పడీ పడీ నవ్వాడు. ఇరవై రెండేళ్ల కిందట వచ్చిన ఒక కుటుంబ హాస్య చిత్రంలో ఆయన తండ్రి వేషం వేశారు. "నాన్నా, ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?" అని కొడుకు అడిగితే, ఇలాగే మూడు దిక్కులూ చూసి ఆ మాట అంటారు. అప్పటినుంచీ బజారులో, బస్సులో, చివరికి పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా అదే మాట చెప్పించుకుంటారు జనం.

"ఆ మాటలో ఏముందోయ్, ముందున్న మౌనంలో ఉంది కిటుకు. వారం రోజులు సాధన చేశాను" అన్నారు పెద్దాయన. వంటగదిలో గరిటె ఒకటి ఠంగుమంది. ఆ సాధన మాట ఎత్తినప్పుడల్లా వంటగదిలో ఏదో ఒకటి మోగడం ఆ ఇంట్లో మామూలే.

ఇస్త్రీ అతను వెళ్ళగానే పెద్దాయన మొహం ముడుచుకుంది. పేపర్లో సినిమా పేజీ నిండా ఒకటే ప్రశ్న: పాత నటులు లేకుండా రెండో భాగం నవ్విస్తుందా? ఆ రెండో భాగం తీస్తున్నది స్వయానా ఆయన కూతురు. పాత సినిమాలో తల్లి వేషం వేసినావిడ కాలం చేసింది. కొడుకు వేషం వేసినవాడు నటన మానేసి బడిలో లెక్కలు చెప్పుకుంటున్నాడు. మిగిలింది ఈయన ఒక్కరే. ట్రయల్ తీస్తే ఒకే డైలాగు దగ్గర నాలుగుసార్లు తడబడ్డారు. దాంతో కూతురు అందరినీ కొత్తవాళ్ళనే పెట్టుకుంది. ఆ రోజునుంచీ ఆయన కూతురితో ఏం చెప్పాలన్నా భార్య ద్వారానే చెబుతున్నారు.

ఎనిమిదింటికి కూతురు వచ్చింది. చెప్పులు ఒకటి ఓ మూల, ఇంకోటి ఇంకో మూల విడిచి, సరాసరి వంటగదిలోకి వెళ్ళి గట్టుమీద కూర్చుంది.

"నిన్న నలభై మందికి వేసి చూపించామమ్మా. ఆ మూడు దిక్కులూ చూసే సీనుకి ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. ఒకాయన దగ్గాడు, అంతే."

హాల్లో పేపరు వెనక మీసం కదిలింది. "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని మీ అమ్మాయికి చెప్పు."

కూతురు విసురుగా హాల్లోకి వచ్చింది. "ఎవరు నాన్నా నక్క? ఇప్పుడు నీ వేషం వేస్తున్నతనా, నేనా?"

"ఎవరికి తగిలితే వాళ్ళేనని చెప్పు."

"నా సినిమా పోవాలనే కదా ఇన్నాళ్ళూ చూస్తున్నావు? పోతుందిలే, సంతోషించు! నిన్ను వద్దన్న రోజు కారులో కూర్చుని గంటసేపు ఏడ్చాను. అతను రోజూ నీ సీను చూసి నీలాగే చేస్తున్నాడు. అయినా నవ్వెందుకు రావట్లేదో అర్థం కావట్లేదు. ఇవాళ మళ్ళీ తీస్తున్నాం. రేపు ఆ సెట్టు విప్పేస్తారు. నా మొదటి సినిమా నాన్నా ఇది. ఇదే పోతే రెండోది నాకెవరూ ఇవ్వరు."

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెప్పండి. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఏం చెప్పాలి?" అంది కూతురు.

పెద్దాయన పైకప్పు చూశారు, తలుపు చూశారు. భార్య మొహం మాత్రం చూడలేకపోయారు. "ఇస్త్రీ చొక్కా ఇలా ఇవ్వు" అన్నారు చివరికి. "సెట్టుకి నేనూ వస్తున్నానని మీ అమ్మాయికి చెప్పు."

సెట్లో పాత సినిమాలోని హాలునే మళ్ళీ కట్టారు. కొత్త తండ్రి యాభై దాటిన నాటకాల మనిషి. పెద్దాయన కనబడగానే వంగి దణ్ణం పెట్టి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. "మీ మౌనాన్ని కొలిచి రాసుకున్నానండీ. పైకప్పు రెండు సెకన్లు, వీధి తలుపు రెండు, వంటగది మూడున్నర."

చేసి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. నవ్విన మనిషీ లేడు.

పెద్దాయన గుండె కలుక్కుమంది. తను గొప్ప కోసం చెప్పుకున్న అబద్ధాన్ని ఈ మనిషి వేదంలా నమ్మి రాసుకున్నాడు. దాని కింద పడి నలుగుతున్నది తన కూతురు.

"ఆ పుస్తకం పారెయ్యవయ్యా" అన్నారు. "అది సాధనా కాదు, నా మొహమూ కాదు. డైలాగు మరిచిపోయాను."

కొత్త తండ్రి పుస్తకం మూసేశాడు.

"రాసిచ్చిన మాట 'నా మాటే చెల్లుతుంది' అని. నోటికి రాలేదు. పైన చూశాను, దొరకలేదు. తలుపు వంక చూశాను, అక్కడా లేదు. డైలాగులు అందించడానికి మా ఆవిడ స్క్రిప్టు పట్టుకుని వంటగది తలుపు వెనక నిలబడింది. పాపం పెదాలు కదుపుతూనే ఉంది, నాకొక్క ముక్కా అర్థం కాలేదు. ఆ భయంలో, ఉన్న నిజం కాస్తా 'మీ అమ్మనడిగి చెబుతా' అని బయటపడింది."

లైట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత సెట్టు సెట్టంతా గొల్లుమంది. ఇరవై రెండేళ్లుగా ఈ నవ్వుకే ఆయన భయపడ్డారు. తీరా వింటే అందులో ఎగతాళి లేదు. అదే పాత నవ్వు.

కూతురు మాత్రం నవ్వలేదు. "మరిచిపోతున్నావనే కదా నాన్నా నిన్ను తీసేశాను..."

"సరిగ్గానే తీశావు. అదృష్టం ఒక్కసారి కలిసొచ్చింది కదాని, రెండోసారి కోసం నువ్వు కాచుక్కూర్చోవాలా?" ఎన్నో వారాల తర్వాత ఆయన సూటిగా కూతురితో అన్న మాట అది. "అతన్ని నాలా చెయ్యమనకు. చిక్కులో పడెయ్యి. అతని మాట అతనే వెతుక్కుంటాడు."

ఆమె ఒక్క నిమిషం తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత కూతురి వేషం వేస్తున్న అమ్మాయి దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పింది.

కెమెరా తిరిగింది. "నాన్నా, అమ్మకి ఏమంటే ఇష్టం?" అని అడిగింది ఆ అమ్మాయి.

కొత్త తండ్రి నోరు తెరిచాడు. మూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పే ఉంటుందమ్మా" అన్నాడు నసుగుతూ. "నేను పేపరు చదువుతున్నప్పుడు చెప్పి ఉంటుంది."

కట్ చెప్పాల్సిన డైరెక్టరే కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దాయనే. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. ఆ ప్రశ్న ఏ ఇంట్లోంచి వచ్చిందో, ఆ పేపరు ఎవరిదో ఆయనకి తెలిసిపోయింది. తన పిల్ల తనని ఇంత దగ్గరగా చూసింది, చూసినదాన్ని ఇంత ప్రేమగా నవ్వులోకి మార్చింది. ఛాతీ నిండిపోయింది ఆయనకి.

గేటు దగ్గర మేనేజరు ఎవరికో పరిచయం చేశాడు: "పాత సినిమాలో నాన్న వీరేనండీ."

"అది పాత మాట. నేను డైరెక్టరుగారి నాన్నని" అన్నారాయన.

ఇంటికి వచ్చేసరికి కూతురు ఫోనులో తల్లికి అంతా చెప్పేసింది. పెద్దాయన కుర్చీలో కూర్చుని, అలవాటుగా పేపరు అందుకుని, మడిచి పక్కన పెట్టేశారు.

"ఏమోయ్, నీకు ఏమంటే ఇష్టం?"

ఆవిడ పైకప్పు వంక చూసింది. వీధి తలుపు వంక చూసింది. వంటగది వంక కూడా తీరిగ్గా చూసింది. "మీ అమ్మాయినడిగి చెబుతా" అంది.

ఆయన కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ నీళ్ళు తుడుచుకోకుండానే అన్నారు:

"అడుగు. అది చెబుతుంది. దానికన్నీ తెలుసు."