దీపం ఆరాకే తీయాలి

మూడో కుర్చీలో కూర్చున్న ముసలావిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూనే ఉంది. ఉద్యోగిని పైడితల్లి ఆవిడ వెనక నిలబడి, చెవి వెనకున్న మూత తెరిచి, పాత స్మృతిఫలకాన్ని లాగి కొత్తది పెట్టింది. ఆవిడ చేతిలో కాయ ఆగలేదు.

"అయిపోయిందేటి?"

"అయిపోయింది మామ్మా. ఇంక ఎల్లొచ్చు."

అనకాపల్లి మార్పిడి కేంద్రంలో రోజూ జరిగేది ఇదే. ప్రతి మనిషి తలలోనూ జంటఫలకాలుంటాయి. జ్ఞాపకాలన్నీ రెంటిలోనూ ఉంటాయి కాబట్టి ఒకటి తీసి మార్చే కాసేపు రెండోది మోస్తుంది. మనిషిని నిద్రపుచ్చక్కర్లేదు, చేసే పని ఆపించక్కర్లేదు. నియమం ఒక్కటే. ఫలకం అంచున ఉండే కదలిక దీపం ఆరాకే దాన్ని తీయాలి. మనిషి దేన్నయినా తలుచుకుంటున్నంతసేపూ అది మిణుకుమంటూనే ఉంటుంది. ఆ సమయంలో లాగితే తలుచుకుంటున్న జ్ఞాపకం కాస్తా రెండు ఫలకాల్లోనూ చెడిపోతుంది.

దీపం తొందరగా ఆరడానికి ఈ కేంద్రంవాళ్లు ఓ ఉపాయం కనిపెట్టారు. నియమావళిలో అది లేదు. కుర్చీలో మనిషి చేత పదిహేడో ఎక్కం అప్పజెప్పించడం. ఆ ఎక్కం చెప్పేవాడికి ఇంకోటి తలుచుకునే తీరిక ఉండదు. పన్నెండేళ్లలో అది పైడితల్లికి ఎదురుతిరగలేదు, సూరప్పడు వచ్చేదాకా.

సూరప్పడు బెల్లం మార్కెట్లో దిమ్మలు దించే యంత్రం నడుపుతాడు. యాభై ఆరేళ్లు. ఇదే మొదటి మార్పిడి. ఒక ఫలకం పగిలింది, ఆ పగులు సాయంత్రానికల్లా జంటకీ పాకుతుందని యంత్రం చెబుతోంది. అతను మూడుసార్లు ఎక్కం అప్పజెప్పాడు. దీపం ఆరలేదు.

"ఏటి తలుస్తన్నారు బావూ?"

"మా ఇంటిదాన్ని, గౌరిని. అది పోయి పద్దెనిమిది రోజులయ్యింది. నాను తలవట్లేదమ్మా, అదే వచ్చెస్తంది. చేతులు కడుక్కుంటే వస్తంది. చెప్పులేసుకుంటే వస్తంది."

"ఒక్క నిమిషం ఒగ్గీండి."

"ఒగ్గీస్తే మరి రాదేమోనని బెంగ."

"కొత్త ఫలకంలో ఆవిడ ఎక్కడికీ పోదు. చెక్కుచెదరదు. నాది పూచీ."

పైడితల్లి రోజూ పదిమందికి చెప్పే మాటే అది. అందులో మోసం లేదు. సూరప్పడు నమ్మాడు. కళ్లు మూసుకుని నాలుగోసారి మొదలుపెట్టాడు. పదిహేడు ఎనిమిదులు నూట ముప్ఫై ఆరు దగ్గర దీపం ఆరింది. ఆమె లాగేసింది.

మూడో రోజు పరీక్షకి అతను చెప్పిన వేళకే వచ్చాడు. యంత్రం అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. పెళ్లినాటి చీర రంగు చెప్పాడు, ఆసుపత్రిలో ఆవిడ ఆఖరున మజ్జిగ అడిగిందని కూడా చెప్పాడు. ఒక్క జ్ఞాపకమూ పోలేదని తెరమీద వచ్చింది. అయినా అతను కుర్చీలోంచి లేవలేదు.

"అన్నీ ఉన్నాయమ్మా. పిలిస్తే వస్తంది, అడిగిందానికి చెప్తంది, ఎలిపోతంది. దానంతటది మాత్రం రాటం లేదు. మొన్నటిదాకా అన్నం వేళకి నా చెయ్యి రెండో కంచానికి పోయీది. నిన్న పోలేదు. నొప్పేటీ లేదు. అదే నాకు బాగోలేదు."

పైడితల్లి చేతిలో పరికరం పక్కన పెట్టింది. ఎన్ని జ్ఞాపకాలున్నాయో కొలిచే యంత్రాలు తయారుచేశారు గాని, వాటిలో పిలవకుండా వచ్చేవెన్నో కొలవాలని ఎవరికీ తోచలేదు. ఫలకం తీయాలంటే తెరిచి ఉన్న జ్ఞాపకాన్ని మూసెయ్యాలి. అలా మూసినదాన్ని మళ్లీ మనిషే తెరుచుకోవాలి కాబోలు, అది దానంతటది తెరుచుకోదు కాబోలు.

శిక్షణలోనే కాదు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఉద్యోగులు ఒకరి ఫలకాలు ఒకరు మార్చి సాధన చేస్తారు. పైడితల్లికి అలా ఏడుసార్లు మార్చారు. నాలుగేళ్ల కిందట తల్లి పోయినప్పుడు ఆమె రెండు రోజులకే పనిలోకి వచ్చింది, వచ్చిన రోజే ఏడో మార్పిడికి కూర్చుని ఎక్కం అప్పజెప్పింది. అందరూ గుండె గట్టిదన్నారు, ఆమె కూడా అదే నిజమనుకుంది. ఇప్పుడు తల్లి గొంతు గుర్తు చేసుకుంది. గొంతు వచ్చింది, స్పష్టంగా వచ్చింది, దాంతోపాటు దుఃఖం రాలేదు. తాను ఇచ్చిన పూచీ తలుచుకుంటే సిగ్గేసింది.

ఇక గౌరి తనంతట రాదని, అతనే పిలుచుకోవాలని సూరప్పడికి చెప్పింది. అతను, మాత్రలు ఎన్ని వేసుకోవాలో అడిగినట్టు అడిగాడు.

"మరి రోజుకెన్నిసార్లు పిల్చుకోమంటావు తల్లీ?"

"పొద్దున్నోసారి, సందేళోసారి. ఎంత పనున్నా మానకండి." పైడితల్లి అతని చెవి వెనక మూత నెమ్మదిగా మూసింది. "మానితే పిలవాలన్న సంగతే మరిచిపోతారు బావూ. మా అమ్మని నేనలాగే మానీసేను."