బోయిగూడలో సీక్వెల్ గొడవ

"అస్సలు చదవొద్దు," అన్నాడు హరికిషన్.

"చదవొచ్చా అని అడిగాను. ఆర్డర్ వెయ్యమనలేదు," అంది దేవిక.

బోయిగూడలో బ్రహ్మచారిగారి అద్దె పుస్తకాల షాపు అది. పేరుకు బ్రహ్మచారే గానీ ఆయనకు భార్యా ఉంది, హరికిషన్ అనే కొడుకూ ఉన్నాడు. ఆ కొడుకు పగలు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. అంటే పక్కవాళ్ళ తప్పులు వెతికి జీతం తీసుకుంటాడు. సాయంత్రమైతే షాపులో వాలిపోతాడు. ఇంజనీరుకి ఈ షాపులో ఏం పనిరా అని బంధువులు అడుగుతుంటారు. దేవిక రావడం మొదలయ్యాక ఆ పనేమిటో బంధువులకు తప్ప వీధిలో అందరికీ తెలిసిపోయింది.

దేవిక వాళ్ళది విజయనగరం. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల మౌలాలి క్వార్టర్స్‌లో ఉంటున్నారు. ఆమెదీ ఐటీ ఉద్యోగమే. ఇద్దరినీ కలిపింది 'పొగమంచు రాజ్యం' అనే జపాన్ బొమ్మల కథ, అంటే మాంగా. గాలి మీద స్వారీ చేసే యువరాణి, ఆమెకు కత్తి చేసిచ్చిన కమ్మరి కుర్రాడు, చివర్లో వాళ్ళ పెళ్ళి. మాంగాని ఉర్దూ పుస్తకంలా కుడివైపు నుంచి తిరగెయ్యాలని దేవికకు నేర్పింది హరికిషనే. ఆ సంగతి రోజుకోసారి గుర్తుచేస్తాడు కూడా.

ఇప్పుడు దానికి సీక్వెల్ వచ్చింది. హరికిషన్ ఆఫీసులో ఆన్‌సైట్ పని మీద విదేశం వెళ్ళొచ్చినాయన మూడు భాగాలూ తెచ్చిచ్చాడు.

"అంత చెడ్డగా ఏముందండీ అందులో?"

"తల, తోక లేదు. షురూలనే వాళ్ళకు ఇంత పెద్ద బిడ్డ. ఆఖర్ల ఇద్దరూ కొట్లాడుకుంటరు, ఆమె గాలెక్కి పోతది. ఖతం. పెళ్ళి కాడ ఆపేస్తే ఎంత మంచిగుండె!"

"పెళ్ళయ్యాక అందరూ కొట్టుకు చస్తారంటారు?"

"నేనెప్పుడన్న గట్ల? మంచిగున్న కాడ ఆపెయ్యాలె అంటున్న. ఇంకా ముందుకు పోతే ఉన్నది సుత ఖరాబైతది."

బయట వాన మొదలైంది. దేవిక దాన్ని చూస్తూ, "ఆదివారం మా ఇంటికి పెళ్ళిచూపులకి వస్తున్నారు. వైజాగ్ సంబంధం," అంది. "మీకు చెప్పాలనిపించింది."

ఈ అమ్మాయంటే హరికిషన్‌కి ప్రాణం. ఆ ఒక్క ముక్కా నోటికి రాదు. చెప్పాక ఆమె కాదంటే? వాళ్ళింట్లో ఒప్పుకోకపోతే? రోజూ దొరికే ఈ కాసిని కబుర్లు కూడా పోతాయి. కథల్లోనే కాదు, తన విషయంలోనూ ఉన్నచోటే ఆపేసే రకం.

"కంగ్రాట్స్," అన్నాడు.

దేవిక అతన్ని అలా చూసింది. "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

"చదవొద్దన్న గద!"

"అందుకే."

గొడుగు చేతిలోనే ఉన్నా తెరవకుండా వానలో వెళ్ళిపోయింది. మర్నాడు ఆఫీసులో హరికిషన్ కంటికి ఒక్క తప్పూ ఆనలేదు.

శనివారం సాయంత్రం పుస్తకం తెచ్చి బల్ల మీద దభీమని పెట్టింది.

"దీన్ని ఎటునుంచి చదివారు?"

"కుడి దిక్కుకెల్లి. మాంగా గురించి నాకే చెప్తరా?"

"నాకు ఆఖరి పేజీ ముందు చదివే రోగం ఉంది. చూస్తే విడిపోయారు. ఒళ్ళు మండి, ఎందుకు విడిపోయారా అని వెనక్కి వెనక్కి వెళ్ళాను. సరిగ్గా పెళ్ళి మర్నాటి దగ్గర తేలాను. అక్కడే కథ మొదలు. పుస్తకం నడుమ మొదలేంటండీ?"

హరికిషన్ పుస్తకం లాక్కుని కుట్టు చూశాడు. మొహం పాలిపోయింది. "నాయనా!"

లోపల్నుంచి మైదా జిగురు కుంచెతో బ్రహ్మచారి వచ్చాడు. "ఏందిరా?"

"ఈ మూడు బుక్కులు ఎట్ల కుట్టినవ్?"

"ఎట్ల కుడ్తరు? ఎడమ దిక్కుకెల్లి ఒకటి, రెండు, మూడు. నాకు నేర్పుతున్నవా?"

ఆ ఇంట్లో ఏ పుస్తకం అడుగుపెట్టినా ముందు ఆయన కుట్టు పడాలి, తర్వాతే ఎవరైనా చదవాలి. 'పొగమంచు రాజ్యం' పుస్తకాలు లావువి, విడివిడిగా కుట్టాడు, చిక్కు రాలేదు. ఇవి మూడూ పల్చన. అట్టలు పీకేసి, తెలుగు పుస్తకాల వరసలో కలిపి కుట్టేశాడు. కుడి నుంచి తెరిచిన మాంగా పండితుడు మూడోది ముందు, మొదటిది చివర చదివాడు. అతను ముగింపనుకున్న తగువు అసలు మొదటి పుస్తకంలోదే.

"అతను కొండెక్కి ఆవిణ్ణి పిలుస్తాడు చూడండి, ఆ సీను?" అడిగింది దేవిక.

"చూసిన. ఎవరు పోయిన్రని పిలుస్తుండో సమజ్ కాలె. ఓవరాక్షన్ అనుకున్న."

"నేను ఏడ్చాను." అతని చేతిలోని పుస్తకంలో ఆ పేజీ తీసింది. "పిలిచాడు కాబట్టే వచ్చిందండీ. పిలవకపోతే ఎలా వస్తుంది?"

బ్రహ్మచారి కుంచె నుంచి జిగురు నేల మీద పడుతోంది. ఎవరూ పట్టించుకోలేదు.

"దేవికా," అన్నాడు హరికిషన్. "రేపటి పెళ్ళిచూపులు వద్దు. నువ్వంటే నాకు పానం. చెప్తే నువ్వు మాట్లాడుడు సుత బంద్ చేస్తవని భయపడ్డ. ఇప్పుడు సుత భయమే అయితుంది. నన్ను చేసుకుంటవా?"

దేవిక సెల్‌ఫోన్ తీసింది. "అమ్మా, వైజాగ్ వాళ్ళకి రావద్దని చెప్పీ. ఎందుకేటి? ఇక్కడొకాయన ఇప్పుడే నోరు తెరిచాడు."

అవతల దేవిక తల్లి అమ్మన్నమ్మగారి గొంతు షాపంతా వినిపించింది. "ఆ పుస్తకాల షాపబ్బాయేనా? ఇన్నాళ్ళు పట్టిందేటే? బూరెలకి పప్పు నానబెట్టీసేను, ఇప్పుడేటి చెయ్యమంటావు? వాళ్ళమ్మానాన్నల్నే రమ్మను!"

దేవిక నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ హరికిషన్ వైపు చూసింది.

బ్రహ్మచారి కుంచె పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటరో అడుగు బిడ్డా," అన్నాడు.