మేనేజరుకి ఏ జబ్బూ లేదు

ఆ పిల్లి పేరు మేనేజరు. కళ్ళజోళ్ళ షాపులో ఉన్న ఒక్క మెత్తటి కుర్చీనీ ఆక్రమించి, పనిచేసేవాళ్ళను చూస్తూ ఆవులించడమే దాని ఉద్యోగం. అందుకే ఆ పేరు.

దాన్ని మొదటిసారి బుట్టలో పెట్టుకుని క్లినిక్‌కి తెచ్చిన రోజే షాపు అబ్బాయి పేచీకి దిగాడు.

“దీనికి జబ్బేమీ లేదండీ. మా అమ్మ పోరు పడలేక తెచ్చాను. ఒంట్లో బాగున్నప్పుడు డాక్టరెందుకో నాకైతే అర్థం కాదు.”

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఆమె ఉద్యోగానికి కొత్త, కోపానికి మాత్రం కొత్త కాదు.

“జబ్బు చేశాక అందరూ వస్తారు. చేయకముందే రావాలి. వేళకి టీకాలు, నులిపురుగుల మందు, ఏడాదికోసారి పళ్ళూ చెవులూ చూపించుకోవడం. ఈ మాత్రం చేస్తే సగం జబ్బులు దగ్గరికే రావు,” అంటూ పిల్లి వీపు నిమిరింది.

“అది నా తువ్వాలండీ,” అన్నాడతను మెల్లగా. “పిల్లి ఇంకా బుట్టలోనే ఉంది.”

కంపౌండరు గోడవైపు తిరిగి నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. తువ్వాలు మడతపెట్టి, పిల్లిని పసిపాపను అందించినట్టు ఆమె చేతుల్లో పెట్టాడు. డాక్టరమ్మ అతనికి అక్కడే పడిపోయింది.

పిల్లి నిక్షేపంలా ఉంది. టీకా వేసి, మళ్ళీ ఏడాదికి రమ్మనాలి. ఏడాదంటే ఎంత కాలమో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

“వచ్చే వారం తీసుకురండి. బరువు చూడాలి,” అనేసింది.

కంపౌండరు తలెత్తాడు. ఆమె తల దించుకుంది.

ఆ వారం బరువు చూసింది. పై వారం చెవులు, ఆ పై వారం గోళ్ళు. చూడడానికి ఇంకేమీ దొరక్క, చివరికి పిల్లి మీసాలు కొలిచింది. మొదట్లో ఆ అబ్బాయి గలగలా మాట్లాడేవాడు. రానురాను ముభావంగా తయారయ్యాడు. తనంటే విసుగొచ్చిందేమోనని ఆమె దిగులు పడింది.

“డాక్టరమ్మా, ఇక తోక ఒక్కటే మిగిలింది,” అన్నాడు కంపౌండరు. “అదీ అయిపోతే ఏం చేద్దాం?”

“మీ పని మీరు చూసుకోండి బాబాయ్.”

తోక చూడాల్సిన వారం అబ్బాయితో పాటు వాళ్ళమ్మ కూడా వచ్చింది. బుట్ట మోయలేక చెరోవైపు పట్టుకున్నారు. అతని కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

“దాచకుండా చెప్పమ్మా,” అంది ఆవిడ. “దీనికింకా ఎన్నాళ్ళుంది?”

“ఎన్నాళ్ళేంటండీ?”

“మాకు అర్థమైందిలే తల్లీ. ఏమీ లేదంటూనే వారం వారం రమ్మంటున్నావు. ఫీజు కూడా పుచ్చుకోవట్లేదు. ఆశ వదిలేసుకుంటేనేగా డాక్టర్లు ఫీజొద్దనేది? వీడు అన్నం సరిగ్గా తినడు. ఉన్నన్నాళ్ళూ సుఖంగా తిననీ అని దానికి మాత్రం రోజూ చేపలే.”

“రేపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నానండి,” అన్నాడతను. “మత్తిచ్చి అన్ని పరీక్షలూ చేస్తారట.”

డాక్టరమ్మకు తను చేసిన పని అప్పుడు అర్థమైంది. నిజం చెబితే పరువుతో పాటు ఈ అబ్బాయీ పోతాడు. చెప్పకపోతే ఏ పాపం ఎరుగని పిల్లికి రేపు మత్తుసూది. మేనేజరు బుట్టలోంచి ఆమెను చూసి తీరిగ్గా ఆవులించింది.

“తీసుకెళ్ళకండి. దీనికి ఏ జబ్బూ లేదు. కొత్తగా చేసిన ఒళ్ళు తప్ప మొదటిరోజు నుంచీ ఏమీ లేదు,” అంది. “పిల్లి వస్తే మీరూ వస్తారని రమ్మన్నాను. తప్పు చేశాను.”

కంపౌండరు దూది చుట్టడం ఆపేశాడు.

“రాత్రుళ్ళు దాని పక్కన కూర్చుని ఏడ్చానండి నేను,” అన్నాడా అబ్బాయి.

“ఇకనుంచి వేరే డాక్టరుకి చూపించుకోండి. నా మాట మీరెలా నమ్ముతారు?”

అతను కోపంగా బుట్టను ఒక్కడే ఎత్తుకుని బయటికి నడిచాడు. వెనకాలే వాళ్ళమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు అదురుతుంటే. ఆవిడ ఏడుస్తోందనుకుని డాక్టరమ్మ ఇంకా కుంగిపోయింది.

మధ్యాహ్నం ఒక కుందేలుకి గోళ్ళు కత్తిరించింది, ఒక కుక్కపిల్లకి టీకా వేసింది. ఇక ఏడాదికి కూడా అతను రాడని గుర్తొచ్చి, చేతులు కడుక్కుంటూ కాస్త ఏడ్చింది.

సాయంత్రం క్లినిక్ మూసే వేళకి అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“మా అమ్మ ఇంటికెళ్ళేదాకా నవ్వుతూనే ఉందండి. ‘నిన్ను చూడ్డానికి ఒకమ్మాయి పిల్లి మీసాలు కొలిచిందిరా మొద్దూ, ఇంకా కోపమేంటి?’ అని తిట్టి పంపింది.”

“మరి పోయిందా కోపం?”

“సగం పోయింది. మిగతా సగం రేపటికి పోయేలా ఉంది.”

అప్పుడు గమనించిందామె. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి.

“పిల్లి ఏదండీ?”

“ఇంట్లో పడుకుంది,” అన్నాడతను. “నేనొక్కణ్ణే వచ్చాను.”