విన్నది తిరిగి చెప్పాలి

ఆ హాస్టల్లో వాళ్ళ అసలు పేర్లు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించవు. ఒకతె పొడుగు, ఇంకొకతె చిట్టి. మొదటి ఏడాదంతా ఒకే కంచం, ఒకే మంచం. రెండో ఏడాది మొదట్లోనే పొడుగు ఆరేసిన తువ్వాలు నీళ్ళోడి, చిట్టి నాలుగు రోజులు కూర్చుని గీసిన డ్రాయింగు షీటు పాడైపోయింది. “చూసుకోవద్దా?” అంది చిట్టి. “నువ్వు తీసి పెట్టుకోవద్దా?” అంది పొడుగు. అంతే, మూడు నెలలుగా మాటల్లేవు. రెండు మంచాలు పట్టే గదిలో ఒకరికొకరు మొహం చాటేసుకుని బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి వార్డెనమ్మకి విసుగొచ్చింది. “భోజనం గంట కొట్టేలోపు తేల్చుకోండి. లేదంటే ఒకర్ని పక్క బ్లాకుకి మార్చేస్తా. ఎదురెదురుగా కూర్చోండి. ఒకళ్ళు చెప్పాలి. రెండోవాళ్ళు విన్నది విన్నట్టు తిరిగి చెప్పి, ‘ఇదేనా నువ్వు చెప్పింది?’ అని అడగాలి. జవాబు ఆ తర్వాతే.”

పొడుగుకి పైకి బెట్టే గానీ, లోపల ఒకటే దిగులు. చిట్టిని పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

సాయంత్రం ముసురు పట్టింది. సెలవులకి సగం మంది ఊళ్ళకి పోవడంతో మూడో అంతస్తు బోసిగా ఉంది. గదిలో ఆరని బట్టల వాసన. ఇద్దరూ చెరో మంచం మీద మూతి ముడుచుకుని కూర్చున్నారు.

“తువ్వాలు పిండకుండా ఆరేశావు. సారీ కూడా చెప్పలేదు,” అంది చిట్టి.

“తువ్వాలు పిండకుండా ఆరేశాను. సారీ చెప్పలేదు. ఇదేనా నువ్వు చెప్పింది?” పరీక్షలో అప్పజెప్పినట్టు చెప్పింది పొడుగు.

చిట్టికి నవ్వొచ్చింది. పొడుగుకీ వచ్చింది. మూడు నెలల తర్వాత ఆ నవ్వు వినేసరికి పొడుగు కళ్ళు చెమర్చాయి.

“సారీ చెప్పాలనే ఉందని నాకు తెలుసులే,” అంది చిట్టి మెత్తబడి. “లేకపోతే రోజూ వచ్చి నా మంచం చివర ఎందుకు కూర్చుంటావు?”

పొడుగు అయోమయంగా చూసింది.

“నేను పడుకున్నాక వస్తావుగా. కాళ్ళ దగ్గర పరుపు దిగుతుంది. తడి గుడ్డ వాసనేస్తుంది. నువ్వే ముందు మాట్లాడాలని కళ్ళు మూసుకునే ఉండేదాన్ని.”

“చిట్టీ… నా మంచం చివర కూర్చునేది నువ్వు కదా?”

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. లోపలి గడియ రోజూ పడుకోబోయే ముందు పొడుగే వేస్తుంది.

“నేనెప్పుడూ నీ మంచం దగ్గరికి రాలేదే,” గుసగుసగా అంది చిట్టి. “ఒట్టు.”

“నేనూ రాలేదు.”

బయట వాన… లోపల రెండు ఊపిర్లు… రెండేనా? లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

“నువ్వు దానితో ఏమైనా మాట్లాడావా?” అడిగింది చిట్టి.

పొడుగు మాట్లాడింది. నిన్న రాత్రే. పక్క బ్లాకు మాట అప్పటికే చెవినబడి, కళ్ళు తెరవకుండానే, ‘నన్ను వదిలిపోకే. నువ్వెక్కడుంటే నేనూ అక్కడే’ అని ఏడ్చింది. అవతల నుంచి జవాబు రాలేదు గానీ, పరుపు ఇంకొంచెం దిగింది. చిట్టి మనసు కరిగిందనుకుని హాయిగా నిద్రపోయింది.

చెబితే చిట్టి తనతో ఒకే గదిలో ఉంటుందా? ఇప్పుడేగా నవ్వింది!

“లేదు,” అంది పొడుగు.

వార్డెనమ్మ వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని రావడం చూసి మురిసిపోయింది. ఇద్దరికీ కలిపి వేరే గది కావాలంటే, ఎందుకని అడక్కుండా కింది అంతస్తు గది తాళం ఇచ్చేసింది. పరుపులు వాళ్ళే మోసుకొచ్చారు. పొడుగు పరుపుకి ఒక చివర గుంట పడి ఉంది. బోర్లా తిప్పి వేశారు. ఆ వైపు చదునుగా, పొడిగా ఉంది.

ఇద్దరూ చిట్టి మంచం మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా పొడుగు పరుపు. కళ్ళార్పకుండా దాన్నే చూశారు. ఒక నిమిషం. అయిదు నిమిషాలు. ఏమీ కాలేదు. పొడుగు గుండె కుదుటపడింది.

తడి గుడ్డ వాసన.

వాళ్ళు కూర్చున్న మంచం మీదే… చిట్టికి అటుపక్క… పరుపు మెల్లగా దిగింది.

“నన్ను వదిలిపోకే. నువ్వెక్కడుంటే నేనూ అక్కడే.” అచ్చం పొడుగు ఏడుపు గొంతే. “ఇదేనా నువ్వు చెప్పింది?”

పొడుగు చిట్టి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

“చిట్టీ, చెబుతా… అంతా చెబుతా. ఇటు చూడవే…”

చిట్టి చూడలేదు. అటువైపే తిరిగి, ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు “ఊ… ఊ…” అంటూ తల ఊపుతోంది. పొడుగుకి ఒక్క ముక్క కూడా వినిపించలేదు.

భోజనం గంట మోగింది. చిట్టి మెల్లగా ఇటు తిరిగి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పడానికి నోరు తెరిచింది.