బాలడ్ మధ్యలో పిలిచిన పేరు

మినోరి నోట రేజి పేరు వస్తే చాలు, తోమోకికి ఒళ్లు మండిపోయేది. ఆ పేరేమో ఆమె నోట రోజూ వచ్చేది.

తోమోకి ఒసాకాలో కురోగానే అనే హెవీ మెటల్ బ్యాండుకి గిటార్లు శ్రుతి చేసి అందిస్తాడు. రేజి ఆ బ్యాండు గిటారిస్టు. జుట్టు నడుం దాకా, చూపు ఆకాశం దాకా. వాళ్లు వాయించే హాలు పక్కనే మినోరి వాళ్ల పిన్ని తకోయాకి కొట్టు, ఆక్టోపస్ ముక్కలు పెట్టి కాల్చే వేడివేడి పిండి ఉండలవి. తోమోకి అక్కడ నిలబడి నోరు కాల్చుకుంటూ తింటుంటే, పిన్నికి సాయంగా ఉండే మినోరి రేజి సంగతులే అడిగేది. బాలడ్‌కి, అంటే ఆ నెమ్మదైన పాటకి, ఏ గిటారు తీస్తాడు, రెండో ఆల్బమ్‌లో ఆ సోలో ఒక్క టేకులోనే వచ్చిందా, ఇలా. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, దారి పొడుగునా రేజిని తిట్టుకుంటూ పోయేవాడు.

కచేరీల్లో బ్యాండులో ఎవరి అభిమానులు స్టేజీకి వాళ్లుండే వైపే నిలబడాలి. మినోరి ఎప్పుడూ రేజి వైపే.

"అటువైపే ఎందుకు?" అని ఒకసారి అడిగేశాడు.

"అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది," అంది, సాస్ పూస్తూ.

ఎవరు కనిపిస్తారో అడగడానికి ధైర్యం చాలలేదు.

లైవ్ ఆల్బమ్ రికార్డు చేసే సాయంత్రం వాన కురుస్తోంది. హాలు నిండిపోయింది. బాలడ్ ముందు దీపాలు తగ్గాయి. స్టేజీ పక్క, రేజి వెనక ఉండే తన చోటి చీకట్లోంచి తోమోకి చూశాడు. మినోరి కళ్లు చెమర్చి ఇటే చూస్తున్నాయి. రేజిని చూసే ఏడుస్తోందనుకున్నాడు. ఆ ఉక్రోషంలో చేతికందిన గిటారు తీసి రేజికి ఇచ్చేశాడు.

అది తీగలు అర మెట్టు దించిన గిటారు, గట్టి పాటలది.

పియానో మొదలైంది. రేజి మొదటి స్వరం మీటగానే చెవుల్లో ఇసుక పోసినట్టయింది. పియానో ఆగిపోయింది. బాలడ్‌లో జనం ఊపిరి కూడా గట్టిగా తీయరు. ఆ నిశ్శబ్దంలోకి, ఎవరికీ కనపడకూడని నల్లబట్టల తోమోకి సరైన గిటారు పట్టుకుని పరిగెత్తాడు. తొందరలో గిటారు పట్టీ తగులుకోవడం లేదు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు.

"తోమోకీ, కంగారు పడకండి!"

మినోరి గొంతు. వందల తలలు అటు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. ఆ సందట్లో పట్టీ తగులుకుంది. పియానో మళ్లీ మొదలైంది.

కచేరీ అయ్యాక రేజి మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఒరేయ్, ఇన్నేళ్లుగా ఆ పాట వాయిస్తున్నాను. దాని మధ్యలో నా పేరు పిలిచిన మనిషి ఒక్కరూ లేరు. నీ తప్పు స్వరం తీసేయిస్తాను. ఆ పిలుపు మాత్రం ఆల్బమ్‌లో ఉంటుంది. ఇంకోసారి ఇలా చేశావంటే మాత్రం ఇంటికే."

తోమోకి వానలోనే కొట్టు దగ్గరికి పరిగెత్తాడు. మినోరి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"రేజి మీద అసూయతో గిటారు తప్పిచ్చాను. మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు ఒక్క గుక్కలో.

"రేజి గురించి అడక్కపోతే మీరు నోరు విప్పేవారా? పాట బాగుంటే ఏడుస్తాను. కానీ నేను చూసేది మిమ్మల్ని. ఆయనే మాటిమాటికీ అడ్డొస్తాడు."

తోమోకికి నవ్వాగలేదు.

"పోనీ, రేపట్నుంచి అటువైపు నిలబడనులెండి," అంది ఉడికిస్తూ.

"వద్దు, అక్కడే ఉండండి. రేజిని నేను పక్కకి జరుపుతాను."